డ్యూన్ మా ఆలూరువాళ్ళ కథ

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ నవల అమెరికావాళ్ళకంటే మా కర్నూలు జిల్లా ఆలూరు, పత్తికొండ తట్టువాళ్ళకే బాగా తలకెక్కుతుందని నా గట్టి నమ్మకం. 1965లో వచ్చిన పుస్తకం అది. కథంతా ఒక ఎడారి గ్రహం మీద. అక్కడ వాన పడదు. ఒంటి చెమటనీ, ఊపిరిలో తడినీ కూడా పోనీయకుండా పట్టి, శుద్ధిచేసి, తిరిగి తాగించే దుస్తులు తొడుక్కుని మనుషులు తిరుగుతుంటారు. ఎవరైనా చనిపోతే ఆ ఒంట్లో నీళ్ళు వాళ్ళ గుంపు ఉమ్మడి సొత్తు. ఒకచోట ఆ ఎడారి పెద్దమనిషి ఒకాయన, కొత్తగా వచ్చిన దొర ఎదుట బల్లమీద ఉమ్మేస్తాడు. దొర మనుషులకు కోపం ముంచుకొస్తుంది. సంగతి తెలిసినవాడొకడు అడ్డం పడతాడు: ఒంట్లో తడిని కానుకగా ఇచ్చాడయ్యా, అంతకుమించిన మర్యాద వాళ్ళకు లేదు అని.

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయినదాన్ని నేను. ఆ తట్టు పనిచేస్తున్నప్పుడు ఒక ఎండాకాలం, ఊళ్ళోకి ట్యాంకరు వచ్చిన పూట, సగం క్లాసు బిందెలు పట్టుకుని పోయింది. మిగిలిన సగానికి పాఠం చెప్పబుద్ధి కాక ఈ కథ చెప్పాను. ఉమ్మి దగ్గరికొచ్చేసరికి పిల్లలు పడీపడీ నవ్వారు. చివరి బెంచీ పిల్లోడు మాత్రం నవ్వకుండా అడిగాడు: “మేడమ్, వాళ్ళు బోర్లెయ్యలేదా?” పక్కనున్న పిల్ల వెంటనే, “ఏసింటారులే, పడింటే గదా!” అంది. ఎన్నడుగులు వేసుంటారు, రాయి తగిలితే ఏం చేస్తారు, ఆ చెమట నీళ్ళు ఉప్పగుండవా అని గంట కొట్టేదాకా వాదులాడుకున్నారు. ఉప్పు ఎట్లా పోతుందన్న దగ్గర నేను స్వేదనం పాఠం కూడా చెప్పేశాను. ఆ నెలలో నేను చెప్పిన పాఠాల్లో వాళ్ళకు గుర్తుండిపోయింది అదొక్కటే అనుకుంటా.

ఆ పిల్లోడే తర్వాత కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు మా ఇంటికొచ్చి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుపోయాడు. చాన్నాళ్ళకు తెచ్చిచ్చి, “మేడమ్, మీరు నీళ్ళ కథ సగమే చెప్పినారు. మిగతాదంతా రెండిండ్ల పగ. మన ఫ్యాక్షన్ సినిమానే ఇది, సుమోలొక్కటే తక్కువ” అన్నాడు. డ్యూన్ మీద ఇంతకంటే మంచి సమీక్ష నేనెక్కడా చదవలేదు.

ఈ మధ్య పుస్తకాల మాటెత్తితే చాలు, జాబితాలు వచ్చిపడుతున్నాయి. తప్పక చదవాల్సిన వంద సైన్స్ ఫిక్షన్ నవలలు, జీవితాన్ని మార్చేసే ఇరవై ఫాంటసీలు. ఎవరు చేశారో, ఎవరికోసం చేశారో తెలీదు. ఫోన్లో పంపినవాళ్ళను “ఇందులో మీరు చదివినవేవి?” అని అడిగితే మాట మారుస్తారు. జాబితా చూసి నేను ఒక్క పుస్తకం చదివిన పాపాన పోలేదు. నాకు పుస్తకాలన్నీ మనుషుల చేతులమీదుగానే వచ్చాయి. ఏ పుస్తకానికైనా అదే మేలు గానీ, ఈ రకం పుస్తకాలకు అది మరీ అవసరమని నా వాదన. ఊరి కథ, ఇంటి కథ అయితే మొదటి పేజీలోనే మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఇద్దరు సూర్యులున్న లోకం కథ అట్లా కాదు. ఆ పేర్లూ, ఆ కట్టుబాట్లూ యాభై పేజీలదాకా కొరుకుడుపడవు. ఆ యాభై పేజీలు ఓపిక పట్టమని చెప్పడానికి తెలిసిన మనిషి కావాలి. బ్యాంకు అప్పుకు జామీను సంతకం పెట్టేవాడిలాగా, “పోతే నా పూచీ” అనేవాడు.

డ్యూన్‌కే అట్లాంటి మనిషి అవసరమయ్యాడు. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు దాన్ని వెనక్కి పంపాయి. చివరికి అచ్చేసింది చిల్టన్ అనే సంస్థ. దానికి కార్ల రిపేరు పుస్తకాలు వేస్తుందని పేరు. అక్కడి ఎడిటర్ స్టెర్లింగ్ లానియర్ పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు చదివి, తానే అడిగి తీసుకున్నాడు. టోల్కీన్ ‘హాబిట్’ సంగతి ఇంకా ముచ్చటైంది. 1936లో రాతప్రతి చేతికొచ్చినప్పుడు ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ళ కొడుకు రేనర్‌ని చదివి అభిప్రాయం రాయమన్నాడు. కూలి ఒక షిల్లింగు. పిల్లవాడు బాగుందని రాశాడు, మరుసటేడు పుస్తకం అచ్చయింది. స్కూలు లైబ్రరీకి పుస్తకాలు కొనేముందు ఒక్క పిల్లనో పిల్లవాడినో అడగడం నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

ఇవన్నీ దొరల పుస్తకాలు, మనకెందుకమ్మా అనేవాళ్ళున్నారు. వాళ్ళను నేను నంద్యాల తీసుకుపోతాను. 2022లో జిల్లా వేరయింది గానీ నంద్యాల మాకు పరాయిదేమీ కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ రాసి అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకే. సింహమెక్కి ఆకాశంలో తిరిగే సిద్ధుడు, ఎంత దూరంలో మాటైనా వినగలిగే శక్తి, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ తర్వాత భూమ్మీద నిజంగా జరిగిపోవడం. ఇవాళ ఎవరైనా ఇంగ్లీషులో ఇట్లా రాస్తే అవార్డులు కట్టబెడతారు. మనం దాన్ని ఎమ్మే సిలబస్‌లో పెట్టి, పది మార్కుల ప్రశ్న చేసి, సరదాకి చదివేవాళ్ళను దూరం తరిమేశాం. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. వాళ్ళ విజయా సంస్థే 1951లో ‘పాతాళభైరవి’ తీసింది. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉంది. ఇక బ్రహ్మంగారు బనగానపల్లె రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారనీ, కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడనీ వింటూ పెరిగిన జనం మేము. రాబోయే కాలం గురించి కథలు చెప్పుకోవడం మాకెవరూ నేర్పక్కర్లేదు.

అయినా పెద్దయ్యాక ఇట్లాంటి కథలు చదువుతున్నామని చెప్పుకోవడానికే సిగ్గు. ‘బాహుబలి’ షూటింగు మా ఓర్వకల్లు రాళ్ళలోనే మొదలైందని గొప్పగా చెప్పుకునే పెద్దమనిషే, కొడుకు చేతిలో మాంత్రికుల నవల కనపడితే గ్రూప్ టూ పుస్తకం యాడ పెట్టినావురా అంటాడు.

నాకు ఈ పుస్తకాలు అలవాటు చేసింది పాత బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు నడిపిన ఒక సాయిబు. డిపాజిట్టు కట్టి, రోజు అద్దెకు నవలలు తెచ్చుకునే కాలం. షాపంటే మెట్లకింద గూడు. ముందు వరసలో మధుబాబు షాడోలు, దాని వెనక యద్దనపూడి నవలలు, ఆ వెనక అట్టలూడి పేర్లు కనపడనివి. ఏం కావాలని ఆయన ఎవర్నీ అడిగేవాడు కాదు. “పోయినసారి తీస్కపోయిందాన్ని యాడ ఆపినావమ్మా?” అనేవాడు. పూర్తిగా చదివానంటే పెద్దగా పట్టించుకునేవాడు కాదు. సగంలో ఆపానంటే మాత్రం పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించమనేవాడు. దాన్ని చదువుకుని, కాసేపు గడ్డం గోక్కుని, లోపల్నుంచి ఇంకో పుస్తకం తీసేవాడు. ఒకసారి ఒక డిటెక్టివ్ నవల, హంతకుడెవరో ముందే తెలిసిపోయిందని మధ్యలో పడేశాను. “ఎవరు చేసినారనేది నీకు పట్టదు. ఎట్ల చేసినారనేది గావాల నీకు” అని యండమూరి ‘చీకట్లో సూర్యుడు’ చేతిలో పెట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో లైటు ఆరలేదు, మా నాయన తిట్లూ ఆగలేదు.

నేనూ ఊరికే పుచ్చుకునేదాన్ని కాదు. మా ఇంట్లోని కాశీమజిలీ కథలు ఒక్కొక్క భాగం ఆయనకిచ్చేదాన్ని. బదులుగా ఆయన తన దగ్గరున్న ఉర్దూ ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ ఇవ్వబోయాడు. లక్నోలో నవల్‌కిశోర్ ప్రెస్ 1883 నుంచి సంపుటాలుగా వేసిన మాయాలోకపు దాస్తాన్ అది. నాకు ఉర్దూ అక్షరం రాదు. దాంతో నోటితోనే చెప్పడం మొదలుపెట్టాడు, సగం తెలుగు, సగం మా కర్నూలు ఉర్దూ. అమర్ అయ్యార్ అని ఒక గడసరి ఉంటాడు, వాడి దగ్గర ఎంత కుక్కినా నిండని సంచీ ఉంటుంది, మంత్రగాళ్ళందరినీ వేషాలు మార్చి బోల్తా కొట్టిస్తాడు. అద్దెకొచ్చినవాళ్ళు షాడో నవల చేతిలో పట్టుకుని, చిల్లర అడగడం మర్చిపోయి వింటూ నిలబడేవాళ్ళు. పాతాళభైరవిలోని నేపాళ మాంత్రికుడు ఆ అయ్యార్ చేతిలో పడితే గెలుపెవరిదని మాలో వాదం నడిచింది. సాయిబు మాంత్రికుడి పక్షం, నేను అయ్యార్ పక్షం. ఇంగ్లీషులో ఇట్లాంటి కూటాలకు పెద్ద పెద్ద పేర్లున్నాయి, సభలు జరుగుతాయి, వేషాలు కట్టుకుని వస్తారు. మాకు మెట్లకింద నిలబడే చోటు చాలింది.

మా అమ్మది ఇంకో పద్ధతి. చందమామ సీరియల్ పేజీలు నెలనెలా జాగ్రత్తగా తీసి, కథ అయిపోయాక బైండు చేయించేది. ఆ సీరియళ్ళకు రచయిత పేరు ఉండేది కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి అవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని మాకు తెలిసేసరికి నాకు తల నెరిసింది. ‘శిథిలాలయం’ బైండులో ఒక నెల భాగం లేదు, ఆ నెల పుస్తకం మాకు అందలేదు. ఎదురింటి అత్త చదివానంది. అందుకని ఆ బైండు ఎవరు తీసుకుపోయినా, “అంతవరకు చదివి ఎదురింటికి పోండి, అత్త చెప్తుంది, మళ్ళా వచ్చి మిగతాది చదువుకోండి” అని అమ్మ చెప్పి పంపేది. వీధిలో పిల్లలంతా అట్లాగే చదివాం. చాలా ఏళ్ళకు అది పుస్తకంగా దొరికితే ఆత్రంగా ఆ భాగం తెరిచి చూశాను. అత్త చెప్పినదాంట్లో ఒక్క ముక్క అందులో లేదు! అంతా ఆమె సొంతంగా అల్లింది. దాసరిగారి మీద ఎంతో గౌరవం ఉంచుకునే చెబుతున్నా, అత్త భాగమే బాగుంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరిమీద పడ్డాయి. కర్నూలు వాళ్ళకు ఆ తేదీ ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. మిద్దెక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. పుస్తకాల బీరువా కిందే ఉండిపోయింది. నీళ్ళు తీశాక తలుపు రాలేదు. లోపల కాగితాలు ఉబ్బి పట్టేశాయి. గునపంతో విరగ్గొట్టి, పారతో ఎత్తి వీధిలో పోశాం. అమ్మ బైండ్లు అందులోనే పోయాయి. నాకు మిగిలినవి ఏవయ్యా అంటే, ఆ రోజుకు ఊళ్ళవాళ్ళ దగ్గర ఉన్నవి. ఆదోనిలో ఒక కాంపౌండరు దగ్గర ఆసిమోవ్ ‘ఫౌండేషన్’. కడపలో మా చెల్లెలి తోడికోడలి దగ్గర విశ్వనాథ ‘హాహా హూహూ’, గుర్రం తల గంధర్వుడు లండన్‌లో దిగే కథ. డోన్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ‘యుగాంతం’. ఇవ్వండి మహాప్రభో అని ఏళ్ళ తరబడి అడిగినా ఇవ్వనివాళ్ళు, వరద సంగతి విని ఒక్కొక్కరే తెచ్చిచ్చారు. కాంపౌండరు కొత్త అట్ట కూడా వేసి తెచ్చాడు. ఎగ్గొట్టినవాళ్ళ పుణ్యమా అని నాకు పుస్తకాలు మిగిలాయి.

మా స్కూల్లో తెలుగు పండితులొకాయన, పుస్తకం అరువిచ్చానని తెలిస్తే చాలు, పరుల చేతికి పోయినవి తిరిగి రావనే పాత శ్లోకం అందుకునేవారు. పుస్తకాన్ని, డబ్బుని, ఆడవాళ్ళని ఒకే గాటన కట్టిన శ్లోకం అది. “ఆడవాళ్ళం మేమే నడిచి వస్తాం లెండి సార్, పుస్తకం సంగతి చూడండి” అనేదాన్ని. ఆయన బీరువాకు తాళం ఉండేది. వరదకు తాళం అడ్డం రాలేదు.

ఇవ్వడంలో మాత్రం తెలివి కావాలి, ఆ మాట ఒప్పుకుంటా. వెయ్యి పేజీల మొదటి సంపుటం చేతిలో పెట్టి, ఇట్లాంటివి ఇంకా అయిదున్నాయనేవాళ్ళు పుస్తకం మీద పగ తీర్చుకుంటున్నట్టే. ఇచ్చాక ఎదురైనప్పుడల్లా “చదివినావా?” అని నిలదీసేవాళ్ళూ అంతే, ఆ మనిషి వీధి మార్చి నడుస్తాడు. సన్నటి పుస్తకంతో మొదలుపెట్టాలి. పిల్లలకైతే లీ గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నాకు నచ్చిన పుస్తకం. దేనికైనా అసలు పేరు తెలిస్తే దానిమీద అధికారం వస్తుందన్న లోకం అది. మంత్రాలూ బీజాక్షరాలూ విన్న మన పిల్లలకు వివరించే పనే లేదు. ఇంగ్లీషు చదవలేనివాళ్ళకు కథ చెప్పండి. బెలుం గుహలకు పిల్లలను తీసుకుపోయినప్పుడు, బస్సులో జూల్స్ వెర్న్ 1864 నాటి కథ చెప్పాను, ఒక ప్రొఫెసరు అగ్నిపర్వతం నోట్లోంచి భూమి లోపలికి దిగడం. మూడు కిలోమీటర్లు దాటిన గుహలవి. అట్టడుగున పాతాళగంగ దగ్గర ఒక పిల్ల నా చెయ్యి లాగి, “మేడమ్, ఆయన ఈడికే వచ్చినాడా?” అంది. ఈడికి రాలేదు, ఐస్‌లాండ్‌లో దిగాడు అన్నాను. “అయితే బెలుం తెలీదేమో పాపం” అంది. తెలుగులోనే చదవాలనుకునేవాళ్ళకు ఇప్పుడు రాస్తున్నవాళ్ళూ ఉన్నారు. వృత్తికి డాక్టరైన చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’ అంగారకుడి దాకా తీసుకుపోతుంది.

ఇక లైబ్రరీల మాట. గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కయిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టింది కర్నూల్లోనే. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది. కాబట్టి అడిగే హక్కు మనకుంది. కొత్త భవనం, కంప్యూటర్లు నేను అడగడం లేదు. పుస్తకం వెనకట్టలో గడువు తేదీల చీటీ అంటించినట్టే, ఇంకో తెల్లకాగితం అంటించమంటున్నా. పైన ఒక్క ప్రశ్న: ఇది ఎవరు చదివితే బాగుంటుంది? చదివినవాళ్ళు పేరు రాయకుండా ఒక్క లైను రాస్తారు. తర్వాత తీసినవాళ్ళకు అది చాలు.

మా స్కూల్లో ఇది చేసి చూశాను. ప్రధానోపాధ్యాయులు మొదట పుస్తకాలు ఖరాబవుతాయన్నారు. తర్వాత ఆయనే ఆ కాగితాలు చదువుతూ నవ్వుకునేవారు. “అన్నతో కొట్లాడినోళ్ళు చదవండి.” “భయపడేటోళ్ళు రాత్రిపూట తెరవద్దు.” “మధ్యలో శానా సేపు నడుస్తానే ఉంటారు, దాటుకో, తర్వాత రాక్షసి వస్తాది.” “లెక్కలు వచ్చినోళ్ళకు.” దానికింద ఇంకో చేతిరాత: “లెక్కలు రాకున్నా అర్థమయితాది, నాకయింది.” ఒక దాంట్లో మాత్రం “హాస్టల్లో ఉండేవాళ్ళకు” అని రాసి కింద గీత గీసి ఉంది. అది బెల్యాయెవ్ ‘ఉభయచరుడు’, సముద్రంలోనూ నేలమీదా ఊపిరాడే కుర్రవాడి కథ, మాస్కోనుంచి వచ్చే తెలుగు పుస్తకాలు చవగ్గా దొరికే రోజుల్లో విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కొన్నది. హాస్టల్ పిల్లలకే ఎందుకో ఆ పుస్తకం చదివితే గానీ తెలీదు. రాసింది ఎవరో నేను కనుక్కోలేదు.

ఆ ప్రతి నేను బదిలీ అయ్యేముందు ఎవరో తీసుకున్నారు, మళ్ళీ కనపడలేదు. ఈ వ్యాసం రాయడంలో నా స్వార్థం అదే. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఎవరింట్లోనైనా వెనకట్టలో తెల్లకాగితం అంటించిన ‘ఉభయచరుడు’ ఉంటే ఈ పత్రికకు ఒక ఉత్తరం ముక్క రాయండి. పుస్తకం తిరిగివ్వనక్కర్లేదు, జిరాక్స్ తీసుకుని పంపేస్తాను. ఆ కాగితం మీద తర్వాత ఎవరెవరు ఏం రాశారో అది కూడా జిరాక్స్ కావాలి. బదులుగా లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఇంగ్లీషు ప్రతి ఇస్తాను. మొదటి భాగంలో చైనా రాజకీయాలు కొంచెం ఎక్కువ, అక్కడ ఆపితే ఏ పేజీలో ఆపారో గుర్తుపెట్టుకుని చెప్పండి.